బూదమ్మ విప్పి చూసిన కందిరీగ గూడు

కొండవాగుకు ఇవతల, అడవి అంచున, పాడుబడ్డ ఇటుకబట్టీ ఒకటి ఉంది. మట్టి అయిపోయిందని మనుషులు బట్టీ వదిలేసి వెళ్లిపోయారు. పోతూ పోతూ విరిగిన ఇటుకలను, కాలు కుంటిదైన ఒక గాడిదను అక్కడే పారేసి పోయారు. ఆ గాడిద పేరు బూదమ్మ.

బూదమ్మ ఆ బట్టీలో పన్నెండేళ్లు ఇటుకలు మోసింది. మోతకు ఇరవై. ఇరవై ఒకటి పెడితే కదిలేది కాదు. పందొమ్మిది పెట్టినా కదిలేది కాదు. కర్ర విరిగేదాకా కొట్టినా సరే, లెక్క సరిపోయేదాకా నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడేది. మొండి గాడిద అనేవారు. మొండితనం కాదది, ఖచ్చితం. ఆ తేడా తెలిసినవాళ్లు లోకంలో తక్కువ.

అలా నిలబడ్డ చోట ఎదురుగా బట్టీ గోడ ఉండేది. గోడ మీద కందిరీగ ఉండేది. వాగు ఒడ్డున తడిమట్టిని ఉండ చేసి నోట కరుచుకొచ్చి, బుల్లి కుండలాంటి గూడు కట్టేది. పచ్చపురుగులను కుట్టి, మోసుకొచ్చి, లోపల పేర్చేది. జుయ్యిమంటూ మూతి మూసేది. కొన్నాళ్లకు ఆ గూటికి కన్నం పడి, లోపలినుంచి ఒక కొత్త కందిరీగ బయటికి వచ్చేది.

లోపలికి పోయింది పురుగు. బయటికి వచ్చింది కందిరీగ. మధ్యలో ఏం జరిగింది?

అడవిలో ఎవరినడిగినా ఒకటే చెప్పేవారు. కందిరీగ బయట కూచుని పాడుతుందట. ఆ పాట వినీ వినీ లోపలి పురుగే కందిరీగ అయిపోతుందట. తాతలు చెప్పారు, తండ్రులు విన్నారు, పిల్లలు తలూపారు. గూడు విప్పి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

కాలు కుంటిదై, మోత తప్పాక, బూదమ్మ చూడడం మొదలుపెట్టింది. అక్షరం ముక్క రాదు. అందుకని గూడు మూసిన రోజున దాని కింద నల్ల ఇటుకముక్క ఒకటి పెట్టేది. ఆ తర్వాత రోజుకో ఎర్రముక్క. ఇరవై ముక్కలైతే ఒక మోత. ఒక మోతా పది ముక్కలూ అయ్యేసరికి గూటికి కన్నం పడేది. చలికాలం అయితే ఇంకో నాలుగైదు ముక్కలు.

గాడిద పెదవి మొరటుదని అనుకునేవాళ్లు గాడిదను దగ్గరగా చూడనివాళ్లు. బూదమ్మ పెదవితో చీపురుపుల్ల పట్టుకుని, గూటి పక్కన సన్నగా గీకి, లోపలికి చూసేది. మొదటిరోజు గూట్లో, పైనుంచి దారం కట్టి వేలాడదీసినట్టు, నువ్వుగింజలో సగమంత తెల్లటి గుడ్డు. కింద పచ్చపురుగులు చావలేదు, కదలనూ లేవు. నాలుగోరోజు గూట్లో గుడ్డు లేదు. తెల్లటి పసిపురుగు ఒకటి పచ్చపురుగును కొరుకుతోంది. పన్నెండోరోజు గూట్లో పచ్చపురుగులే లేవు. లావెక్కిన తెల్లపురుగు ఒక్కటే. ఇరవయ్యోరోజు గూట్లో ఆ తెల్లపురుగుకే కాళ్లూ రెక్కలూ ముడుచుకుని ఉన్నాయి.

అక్కడితో ఆగిపోతే బూదమ్మ ఎందుకవుతుంది? పాట సంగతి తేలాలి కదా. తల్లిని పిట్టలు మింగేసిన గూళ్లు పదకొండు వెతికింది. వాటి దగ్గర పాట లేదు. పదకొండింటిలోనూ కందిరీగలు వచ్చాయి. ఏడు గూళ్లలో గుడ్డు తీసేసి, పచ్చపురుగులను అలాగే ఉంచి మూసింది. తల్లి చుట్టూ తిరిగి ఎంత జుయ్యిమన్నా, ఆ ఏడింటిలో పురుగులు ఎండి పుల్లలయ్యాయి. ఒక్క రెక్క మొలవలేదు.

ఇంకొకటి కూడా కనిపెట్టింది. పచ్చగా, నీలంగా మెరిసే దొంగ ఈగ ఒకటి ఉంది. అది గూటి వెనక గోడను తొలిచి, లోపల తన గుడ్డు పెట్టి పోయేది. గూట్లోని కందిరీగ పిల్ల దాని పిల్లకు తిండి అయ్యేది. ముందు మూత మాత్రం చెక్కుచెదరదు. మూత గట్టిగా ఉండి, లోపలి పిల్ల మాయమైందంటే వెనక కన్నం వెతకాలి. బూదమ్మ ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకుంది.

ఇంతా తెలుసుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆరేళ్ల చివర అడవి సభకు పోయి, సభకు పెద్ద అయిన ఎలుగుబంటి ముందు నిలబడింది.

"పెద్దయ్యా, పురుగు కందిరీగ కాదు. పురుగు కందిరీగ పిల్లకు కూడు."

పెద్దయ్య పక్కన జంబుకయ్య కూచుని ఉన్నాడు. అడవి మొత్తానికీ తానే పండితుణ్ణని తిరిగే నక్క. తోకను ఉత్తరీయంలా ముందుకు వేసుకుని అడిగాడు.

"బూదమ్మా, నీకు అక్షరాలెన్ని వచ్చు?"

"ఒక్కటీ రాదు."

"మరి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను."

"చూసిందట! వినండయ్యా, తాతలందరూ గుడ్డివాళ్లు. కళ్లు ఈ గాడిదకే ఉన్నాయి!"

మొదట నవ్వింది కోతి చింతాలు, కొమ్మ మీదనుంచి కింద పడేంతగా. రెండోది కౌజుపిట్ట కౌజమ్మ. మూడోది కుందేలు పూసమ్మ, ముందు కాళ్లు మూతికి అడ్డం పెట్టుకుని. చివర పెద్దయ్య, మీసాల చాటున. ఆరోజే జంబుకయ్యకు సభలో నున్నటి పెద్దరాయి ఇచ్చి, అది పండితుడి ఆసనం అన్నారు. బూదమ్మ వెనక్కి తిరిగి బట్టీకి వచ్చేసింది. ఎవరు ముందు నవ్వారో, ఎవరు తర్వాత నవ్వారో ఆ వరస మాత్రం మర్చిపోలేదు. నల్లముక్కలు పెడుతూనే ఉంది, ఎర్రముక్కలు చేరుస్తూనే ఉంది. అలా ఇంకో మూడేళ్లు గడిచాయి.

ఒకరోజు పొద్దున్నే పూసమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బూదమ్మక్కా! కాసిని ఇటుకలు ఇస్తావా?"

"మూడేళ్లకు అక్కనయ్యానా? దేనికి?"

"మా బుడ్డోడి గూడు మూయడానికి."

"గూడేమిటే?"

"నీకు తెలీదా? నీ గోడ వదిలి కదిలితేగా! జంబుకయ్యగారు బట్టీకి అవతలి పక్కన మార్పుగూడు పెట్టారుగా! పిల్లను లోపల కూచోబెట్టి మూసేస్తారు. ఆయన బయట కూచుని నలభై రోజులు హుంకారం చేస్తారు. నలభయ్యోరోజుకు పిల్ల చిరుతపులి అవుతుంది. కందిరీగ పురుగును మార్చినట్టే!"

బూదమ్మ తోక ఒక్కసారి టపీమని ఆడింది. "హుంకారం చేసేది నక్కయితే, లోపలిది చిరుత ఎలా అవుతుందే?"

"ఆయన చిరుత గొంతుతో చేస్తారక్కా."

"మరి నలభై రోజులు పిల్ల ఏం తింటుంది?"

"హుంకారమే ఆహారమట."

"ఎవరైనా చిరుతలయ్యారా ఇంతకీ?"

"అయ్యారు! కౌజమ్మ పిల్లలు ఇద్దరూ అయ్యారు. నలభయ్యోరోజున తెరిచి చూస్తే లోపల ఎవరూ లేరు. బయట బురదలో చిరుత అడుగు ఉంది. అడవిలోకి పోయారన్నమాట. కౌజమ్మ ఆ అడుగుకు రోజూ దణ్ణం పెట్టుకుంటోంది."

"మూత ఎలా ఉంది?"

"మూతకేం? పెట్టింది పెట్టినట్టే ఉంది."

బూదమ్మ చెవులు రెండూ నిటారుగా లేచాయి. మూత గట్టిగా ఉంది. లోపల ఖాళీ.

"పూసమ్మా, బుడ్డోణ్ణి అందులో పెట్టకే."

పూసమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆకు రాలితే పరుగు. గాలి వీస్తే పరుగు. మా అమ్మ పరుగెత్తుతూనే పోయింది, నేనూ అలాగే పోతాను. నా కొడుకైనా ఒక్కసారి వెనక్కి తిరిగి నిలబడాలక్కా. నీకెందుకు అంత అసూయ? జంబుకయ్యగారు ముందే చెప్పారు, బూదమ్మ అడ్డుపడుతుందని."

 బూదమ్మ నిజం ఒకసారి చెప్పి నవ్వులపాలైంది. రెండోసారి చెప్పినా పూసమ్మకు చెవికెక్కదు. ఇక చూపించాలి.

"మూయడం ఎప్పుడు?"

"రేపు పొద్దున్న, సభ ముందు."

"ఇటుకలు నేనే తెచ్చిపెడతానులే. ఇరవై."

మధ్యాహ్నం జంబుకయ్య పండితుడి రాయి మీద పొట్ట పైకి పెట్టి నిద్రపోతున్నాడు. బూదమ్మ కుంటుకుంటూ బట్టీ చుట్టూ తిరిగింది. మార్పుగూడంటే మరేం కాదు, పాత రోజుల్లో ఇటుకలు కాల్చడానికి మంటపెట్టే సొరంగం. దానికి ముందో నోరు, వెనకో నోరు ఉంటాయి. పన్నెండేళ్లు అక్కడ పనిచేసినదానికి తెలియదా? వెనక నోటికి ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. కంపను పళ్లతో లాగి చూసింది. లోపల కాస్త దూరంలో గోధుమరంగు ఈకలు, సన్నటి ఎముకలు.

అరిచి చెబుదామా అనుకుంది. చెబితే ఏమవుతుంది? ఆ ఈకలు బూదమ్మే తెచ్చి పడేసిందంటాడు. చింతాలు నవ్వుతాడు. రేపు కాకపోతే ఎల్లుండి ఇంకో సొరంగంలో ఇంకో పిల్ల.

ఒక్కో ఇటుక నోట కరుచుకొచ్చి సొరంగం వెనక నోటికి అడ్డంగా పేర్చింది. ఒక మోత అయింది. రెండో మోత అయింది. లోపలినుంచి తోసినా కదలకుండా మూడు వరసల మందాన బిగించింది. వాగు దగ్గర తడిమట్టి తెచ్చి సందుల్లో మెత్తింది. ఒకేసారి దళసరిగా కాదు. పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. కందిరీగ అలాగే మెత్తుతుంది. అందుకే దాని గూడు వానకు కూడా కరగదు. చివర ముళ్లకంపను ముందు ఎలా ఉందో అలాగే పెట్టేసింది.

తెల్లారింది. సభ చేరింది. పూసమ్మ బుడ్డోడికి ఒళ్లంతా నాకి శుభ్రం చేసి తీసుకొచ్చింది. వాడు వణుకుతున్నాడు.

"భయపడకు నాయనా," అన్నాడు జంబుకయ్య తేనె కారుతున్నట్టు. "నలభై రోజుల తర్వాత నిన్ను చూసి నేనే భయపడాలి."

"పండితులవారికి జై!" అని చింతాలు కొమ్మ ఊపాడు.

బూదమ్మ ముందుకు వచ్చింది. "పెద్దయ్యా, ఒక మాట."

"మళ్లీ చూశావా ఏమిటి?" అన్నాడు చింతాలు. గుంపంతా కిసుక్కుమంది.

"లేదు నాయనా. ఈసారి నేర్చుకుందామని వచ్చాను. జంబుకయ్యగారూ, లోపలివాళ్లు నలభై రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉంటారంటారు, నిజమేనా?"

"నిజమే. హుంకారమే వాళ్లకు ఆహారం."

"ఎవరైనా ఉండగలరా?"

"ఎవరైనా! చీమనుంచి ఏనుగుదాకా."

"తమరు కూడానా?"

జంబుకయ్య కళ్లు ఒక్క క్షణం చిన్నవయ్యాయి. "నేనూ ఉండగలను. కానీ అవసరమేముంది?"

"అవసరం ఉంది. ఇంత పసివాడు వణుకుతున్నాడు, వాడి తల్లికీ భయమే. ముందు గురువుగారు ఉండి చూపిస్తే వాళ్లకు ధైర్యం. హుంకారం నేను చేస్తాను. తమరు నలభై రోజులు నిలిస్తే, నా జన్మంతా తమరి ఇంటికి వాగు నీళ్లు మోస్తాను. కందిరీగల ఊసెత్తను. ఈ సభలో నోరు విప్పను."

గుంపు గుసగుసలాడింది. పూసమ్మ బుడ్డోణ్ణి తన పొట్ట కిందికి లాక్కుంది. "అవును అయ్యగారూ, మీరు ముందు ఉంటే నాకూ ధైర్యం."

జంబుకయ్య లోలోపల లెక్క వేసుకున్నాడు. వెనక నోరు ఉండనే ఉంది. పగలు లోపల నిద్ర, సందు దొరికితే బయట విందు. నలభై రోజుల తర్వాత మహాత్ముడు అనిపించుకుని బయటికి రావచ్చు. గాడిద నోరు ఎప్పటికీ మూతపడుతుంది. పైగా నీళ్లు మోసేవాళ్లు దొరుకుతారు.

"సరే. కానీ గాడిద హుంకారానికి నేను గాడిదనైపోతే?"

"అయితే నాకో తోడు," అంది బూదమ్మ.

జంబుకయ్య తోక ఎత్తుకుని లోపలికి నడిచాడు. బూదమ్మ తెచ్చిన ఇరవై ఇటుకలతో ముందు నోరు మూశారు. మట్టి మెత్తారు. తడిమట్టి మీద పెద్దయ్య తన పంజా అచ్చు వేశాడు. "ఈ అచ్చు చెరిపినవాడికి ఈ అడవిలో చోటు లేదు," అన్నాడు.

బూదమ్మ మూతి ఆకాశానికెత్తి ఓండ్రపెట్టింది. మూడేళ్లుగా కడుపులో దాచిపెట్టుకున్నదంతా ఆ గొంతులో ఉంది. పిట్టలు లేచిపోయాయి. చింతాలు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

మొదటిరోజు లోపలినుంచి చప్పుడు లేదు. రెండోరోజు గోకిన చప్పుడు వినిపించింది, అదీ వెనకపక్కన. "తపస్సు ముదురుతోంది," అన్నాడు చింతాలు. బూదమ్మ ముందు నోటి కింద రెండో ఎర్రముక్క పెట్టి మళ్లీ ఓండ్రపెట్టింది.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం లోపలినుంచి బొంగురు గొంతు వచ్చింది.

"పెద్దయ్యా... కాసిని నీళ్లు..."

"నీళ్లెందుకు పండితా?" అన్నాడు పెద్దయ్య. "హుంకారమే ఆహారమన్నావుగా."

"అయింది, అయిపోయింది! నేను మారిపోయాను! గాడిదనయ్యాను! తెరవండి!"

గుంపు కళ్లు పెద్దవి చేసుకుంది. బూదమ్మ మూత దగ్గరికి పోయి, తీరికగా అడిగింది.

"చెవులు పెరిగాయా?"

"పెరిగాయి!"

"గిట్టలు వచ్చాయా?"

"నాలుగూ వచ్చాయి!"

"ఏదీ, ఒకసారి ఓండ్రపెట్టు. మనవాళ్ల గొంతు నేను గుర్తుపడతాను."

లోపల గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ తర్వాత "ఓం... ఓం... కుయ్!" అని నక్క కూత ఒకటి పీలగా బయటికి వచ్చింది. నవ్వు ఈసారి బుడ్డోడితో మొదలైంది. చింతాలు నవ్వకుండా ఉండలేక కొమ్మ కొరుక్కున్నాడు.

ఆ నవ్వు జంబుకయ్య తట్టుకోలేకపోయాడు. తెలివిగలవాడికి ఆకలికన్నా అది ఎక్కువ మండుతుంది. లోపలినుంచి గోడలు అదిరేలా అరిచాడు.

"నవ్వండ్రా, నవ్వండి! నా వెనక దారి మూసిన దొంగ ఎవడో బయటికొచ్చి తేలుస్తాను!"

నవ్వు టక్కున ఆగిపోయింది.

పెద్దయ్య నెమ్మదిగా లేచాడు. "వెనక దారా?"



"పదండి పెద్దయ్యా," అంది బూదమ్మ. "దొంగ ఈగ దూరే చోటు చూపిస్తాను."

అందరూ బట్టీ వెనక్కి వెళ్లారు. బూదమ్మ ముళ్లకంప లాగింది. పెద్దయ్య ఇటుకలు పడదోసి చెయ్యి లోపలికి పెట్టాడు. గుప్పెడు ఈకలు, సన్నటి ఎముకలు బయటికి వచ్చాయి. కౌజమ్మ ముందుకు వచ్చింది. ఒక ఈకను ముక్కుతో తిప్పింది. చివర తెల్లటి చుక్క ఉంది. పెద్దవాడి రెక్క మీద ఉండేది ఆ చుక్క.  ఇన్నాళ్లూ దణ్ణం పెట్టుకున్న చిరుత అడుగు వైపు ఒక్కసారి చూసింది, అంతే.

"నీ పంటి కిందే పోయారా నా పిల్లలు?" అని సొరంగంలోకి అడిగింది.

"నా పళ్లు అరిగిపోయాయి... పరుగు లేదు..." అని లోపలినుంచి సణుగుడు. "లోపల ఎవరూ ఏమీ కారు. తినేశాను. ఆ అడుగు నేనే గీశాను."

పెద్దయ్య నక్కను మెడ పట్టుకుని బయటికి ఈడ్చాడు. బూడిదలో మునిగిన తోకతో, మసి పూసుకున్న మూతితో జంబుకయ్య వాగుదాకా పరుగెత్తాడు. కౌజమ్మ వెంటపడి పొడిచిన పోట్లకు వీపు మీద వెంట్రుక మిగల్లేదు. వాగు దాటిన తర్వాత ఆ పక్క అడవిలో కూడా ఎవరూ అతణ్ణి పండితుడనలేదు.

పెద్దయ్య బూదమ్మ ముందుకు వచ్చి తల వంచాడు. "బూదమ్మా, తప్పయింది. ఆ నున్నటి రాయి నీది. వచ్చి కూచో."

"కూచుంటే గూడు కనిపించదు పెద్దయ్యా. నాకు రాయి వద్దు. నాకు రావలసింది వేరే ఉంది." బూదమ్మ అందరి వైపూ చూసింది. "మొదట నవ్వింది చింతాలు. తర్వాత కౌజమ్మ. నీ సంగతి వదిలేశానమ్మా, నీకు ఈ శిక్ష చాలు. తర్వాత పూసమ్మ. చివర తమరు. రేపు పొద్దున్నే ఇదే వరసలో నా గోడ ముందుకు రావాలి. కదలకుండా నిలబడాలి. నేను చాలనేదాకా."

తెల్లారేసరికి చింతాలు, పూసమ్మ, పెద్దయ్య అదే వరసలో వచ్చారు. కౌజమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే.

పొద్దున్న అందరూ గోడ ముందు నిలబడ్డారు. ఒక గూటి కింద నల్లముక్క, పక్కన ఎర్రముక్కల వరస. ఒక మోతా తొమ్మిది. బూదమ్మ పదో ముక్క పెట్టింది.

"ఈ గూడు తల్లిని పిట్ట మింగి నెల అయింది. దీనికి ఎవరూ పాడలేదు. ఈపూట ఇది తెరుచుకుంటుంది."

ఎండ ఎక్కింది. చింతాలుకు వీపు దురదపెట్టింది. గోక్కోబోయాడు. బూదమ్మ చూసింది. చెయ్యి దించేశాడు. పెద్దయ్య ముక్కు మీద ఈగ వాలింది, ఆయనా కదల్లేదు. జన్మలో అంతసేపు ఏదీ చూడని అడవి, ఆ పూట ఒక మట్టికుండను చూసింది.

జాము దాటాక గూటి గోడ మీద గీత పడింది. మట్టి పొడి రాలింది. కన్నం. కన్నంలో రెండు మీసాలు. తర్వాత తల. తర్వాత పసుపుచారల నడుముతో కొత్త కందిరీగ బయటికి వచ్చి, రెక్కలు విప్పి, జుయ్యిమంటూ సూటిగా గుంపు మీదికి ఎగిరింది.

చింతాలు కొమ్మ ఎక్కేశాడు. పెద్దయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పూసమ్మ పరుగు లంకించుకోబోయి బుడ్డోణ్ణి లాగింది.

బుడ్డోడు కదల్లేదు. ముందు కాళ్లు నేలకు ఆనించి, చెవులు నిలబెట్టి, తన ముక్కుకు జానెడు దూరంలో గాలిలో ఆగిన ఆ కందిరీగను చూస్తున్నాడు.

"ఉండమ్మా, పరుగెత్తకు," అన్నాడు. "దాని నడుము ఎంత సన్నగా ఉందో చూడనీ."

పూసమ్మ ఆగిపోయింది. బూదమ్మ గూటి కింద ముప్పై ముక్కలనూ మూతితో ఒక పక్కకు నెట్టి, కొత్త గూడు కింద నల్లముక్క ఒకటి పెట్టింది.

నీతి: గూడు గురించి పాట విన్నవాణ్ణి కాదు, గూడు విప్పి చూసినవాణ్ణి అడగాలి.